అమీబా గ్రాహకాలు బ్యాక్టీరియాను గుర్తించే తీరును ప్రయోగశాలలో పరీక్షించే విధానం

మట్టిలో బతికే అమీబాకు బ్యాక్టీరియాయే ఆహారం, బ్యాక్టీరియాయే శత్రువు. ఎదురుపడిన సూక్ష్మజీవిని మింగి, అది లోపల స్థిరపడకముందే చంపగలిగితే అమీబాకు భోజనం దొరికినట్టు. చంపలేకపోతే తానే ఆ సూక్ష్మజీవికి నివాసమవుతుంది. లెజియోనెల్లా వంటి బ్యాక్టీరియా అమీబా లోపల సంఖ్య పెంచుకుని దానిని చీల్చుకుని బయటికి రావడం ఇలాంటి ఓటమికి ప్రసిద్ధమైన ఉదాహరణ. ఈ పోరులో మొదటి కదలిక కణ త్వచం మీద ఉండే గ్రాహక ప్రోటీన్లది. వాటిలో ఒకదాని పాత్రను స్వయంగా పరీక్షించాలనుకునే జీవశాస్త్ర విద్యార్థుల కోసం, కొత్తగా పరిశోధనలోకి వచ్చినవారి కోసం ఆ పని చేసే క్రమాన్ని ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా ఒక హెచ్చరిక అవసరం. ఫలానా గ్రాహకం లేని అమీబా బ్యాక్టీరియా మీద పెరగడం లేదని తేలగానే, ఆ గ్రాహకమే బ్యాక్టీరియాను గుర్తిస్తోందని రాసేయడం ఈ రంగంలో తరచుగా జరిగే పొరపాటు. పెరుగుదల అనేది చివరి ఫలితం. దానికి ముందు అమీబా బ్యాక్టీరియాను దూరం నుంచి పసిగట్టాలి, దగ్గరికి చేరాలి, తన ఉపరితలానికి పట్టుకోవాలి, మింగాలి, ఆ తరువాత ఆహార రిక్తికలో (మింగినదానిని చుట్టి ఉంచే త్వచ సంచిలో) చంపి జీర్ణం చేసుకోవాలి. ఈ గొలుసులో ఏ లంకె తెగినా పెరుగుదల ఆగిపోతుంది. కనుక పసిగట్టడం, అంటుకోవడం, మింగడం, చంపడం అనే నాలుగింటినీ విడివిడి ప్రశ్నలుగా చూసి, ఒక్కొక్కదానికి వేరే ప్రయోగం చేయాలి. ఈ వ్యాసంలోని సూచనలన్నీ ఈ విభజన మీదే ఆధారపడి ఉన్నాయి.

ఏ అమీబా, ఏ గ్రాహకాలు

ఈ పనికి డిక్టియోస్టీలియం డిస్కోయిడియం అనే సామాజిక అమీబా కంటే అనుకూలమైనది మరొకటి లేదని నా అభిప్రాయం. కెన్నెత్ రేపర్ 1935లో వర్ణించిన ఈ జీవి ఏకస్థితికం, అంటే దానిలో ప్రతి జన్యువుకూ ఒకే ప్రతి ఉంటుంది. అందువల్ల ఒక్క జన్యువును తొలగిస్తే దాని ప్రభావం వెంటనే కనిపిస్తుంది. 2005లో ప్రచురితమైన దాని జన్యుక్రమంలో ఆరు క్రోమోజోములు, సుమారు 12,500 జన్యువులు ఉన్నట్లు తేలింది. ఇది బ్యాక్టీరియా మీదా పెరుగుతుంది, ఏఎక్స్2, ఏఎక్స్4 వంటి ప్రయోగశాల విభేదాలైతే (స్ట్రెయిన్లైతే) బ్యాక్టీరియా లేని ద్రవ యానకంలోనూ పెరుగుతాయి. బ్యాక్టీరియాను తినలేని ఉత్పరివర్తకాన్ని (జన్యువు మారిన అమీబాను) కూడా బతికించి పెంచుకోగలగడం గ్రాహక పరిశోధనకు ఎంతో విలువైన సౌలభ్యం. ఈ విభేదాలను, అనేక ఉత్పరివర్తకాలను డిక్టీ స్టాక్ సెంటర్ నుంచి పరిశోధన సంస్థలు తెప్పించుకోవచ్చు.

పరీక్షకు ఎంచుకునే గ్రాహకం గురించి ఇప్పటికే తెలిసిన విషయాలను ఒకసారి చూసుకోవాలి. బ్యాక్టీరియా విడుదల చేసే ఫోలిక్ ఆమ్లం ఈ అమీబాలను ఆకర్షిస్తుందని 1972లోనే వెల్లడైనా, దానిని గుర్తించే గ్రాహకం 2016 వరకు చిక్కలేదు. ఎఫ్ఏఆర్1 అని పేరు పెట్టిన ఆ ప్రోటీన్ కణ త్వచాన్ని ఏడుసార్లు దాటుతుంది, జి ప్రోటీన్ల ద్వారా లోపలికి సంకేతం పంపుతుంది. అది ఫోలేట్ (ఫోలిక్ ఆమ్లపు లవణ రూపం) వైపు కదలికను, బ్యాక్టీరియాను మింగే చర్యను, రెండింటినీ నియంత్రిస్తుందని అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులు చూపించారు. గ్రామ్ నెగటివ్ బ్యాక్టీరియా బయటి పొరలో ఉండే లైపోపాలీశాకరైడ్‌ను కూడా అదే గ్రాహకం గుర్తిస్తుందని 2018లో తెలిసింది. దూరం నుంచి వచ్చే కరిగిన రసాయనాన్నీ, చేతికి తగిలిన బ్యాక్టీరియా పొరనూ ఒకే ప్రోటీన్ చదవగలగడం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. మన తెల్ల రక్తకణాలలో ఈ పనులను సాధారణంగా వేర్వేరు గ్రాహకాలు పంచుకుంటాయి.

ఎఫ్ఏఆర్1 ఒక్కటే సర్వం కాదు. సిబ్ఏ అనే ప్రోటీన్ మన కణాలలో అంటుకునే పని చేసే ఇంటెగ్రిన్ ప్రోటీన్ల బీటా గొలుసును పోలి ఉండి, అమీబా ఉపరితలానికి కణికలు అంటుకోవడంలో తోడ్పడుతుంది. పీహెచ్‌జీ1 అనే మరో త్వచ ప్రోటీన్ లోపిస్తే సిబ్ఏ కణ ఉపరితలం మీద తగినంతగా నిలవదు, అందువల్ల అంటుకునే శక్తి తగ్గుతుంది. ఇవి కాక గ్లూకోజ్‌ను పట్టుకునే లెక్టిన్ (చక్కెరలకు అతుక్కునే ప్రోటీన్) తరహా గుర్తింపు స్థానం ఒకటి ఉండాలని, నీటిని వికర్షించే ఉపరితలాలను పట్టుకునే మార్గం వేరని 1980 నాటి ఉత్పరివర్తకాల అధ్యయనమే సూచించింది. అంటే ఒక మార్గాన్ని మూసివేసినప్పుడు మరో మార్గం ఆ లోటును కొంతవరకు భర్తీ చేయవచ్చు. ఒకే రకం బ్యాక్టీరియాతో చేసిన పరీక్ష మీద ఆధారపడకూడదనడానికి ఇదే కారణం. లైపోపాలీశాకరైడ్ ఉన్న క్లెబ్సియెల్లా లేదా ఈ. కోలైతో పాటు, అది లేని బాసిల్లస్ సబ్టిలిస్‌ను, బ్యాక్టీరియాయే కాని లేటెక్స్ పూసలను తప్పనిసరిగా పక్కపక్కన పరీక్షించాలి.

అమీబాలను సిద్ధం చేయడం

ఫలితాల నాణ్యతలో సగం ఇక్కడే నిర్ణయమవుతుంది. డిక్టియోస్టీలియం 21 నుంచి 22 డిగ్రీల సెల్సియస్ వద్ద బాగా పెరుగుతుంది. గది ఉష్ణోగ్రత 25 డిగ్రీలు దాటే చోట చల్లబరిచే సదుపాయం ఉన్న ఇంక్యుబేటర్ లేకుండా ఈ పని మొదలుపెట్టవద్దు. హెచ్ఎల్5 ద్రవ యానకంలో కణాలు రెట్టింపు కావడానికి 8 నుంచి 12 గంటలు పడుతుంది. మిల్లీలీటరుకు 10 లక్షల నుంచి 30 లక్షల కణాల మధ్య ఉన్నప్పుడే వాటిని ప్రయోగానికి తీసుకోవాలి. వర్ధనం దట్టమైతే కణాలు ఆకలి దశ వైపు మళ్లడం మొదలుపెడతాయి. ఆకలిగొన్న కణాలు కొన్ని గంటల్లోనే ఫోలేట్ మీద ఆసక్తి కోల్పోయి, ఒకదానికొకటి పంపుకునే సైక్లిక్ ఏఎంపీ సంకేతం వైపు తిరుగుతాయి. దట్టమైన వర్ధనం నుంచి తీసిన సాధారణ కణాలు కూడా గ్రాహకం లోపించిన ఉత్పరివర్తకంలా ప్రవర్తించవచ్చు, దాంతో అసలు తేడా కనిపించకుండా పోతుంది. నెలల తరబడి ఒకే వర్ధనాన్ని కొనసాగించకుండా, మూడు నాలుగు వారాలకు ఒకసారి ఘనీభవింపజేసి దాచిన నిల్వ నుంచి కొత్తగా మొదలుపెట్టడం మంచి అలవాటు.

కణాలను కడగడం మామూలు పనిలా కనిపిస్తుంది కానీ గ్రాహక పరీక్షలో అది కీలకం. హెచ్ఎల్5 యానకంలో గ్లూకోజ్ ఉంటుంది, యీస్ట్ సారం ద్వారా వచ్చిన ఫోలేట్లూ ఉంటాయి. గ్లూకోజ్ మిగిలి ఉంటే అది లెక్టిన్ తరహా గుర్తింపు స్థానంతో పోటీపడుతుంది, ఫోలేట్ మిగిలి ఉంటే ఎఫ్ఏఆర్1 ముందే ఉద్దీపన చెందిన స్థితిలో ఉంటుంది. కాబట్టి కణాలను సెంట్రిఫ్యూజ్‌లో 500 జి (గురుత్వ బలానికి 500 రెట్లు) వద్ద ఐదు నిమిషాలు తిప్పి, పీహెచ్ 6 దగ్గర ఉండే సోరెన్సన్ ఫాస్ఫేట్ బఫర్‌తో కనీసం రెండుసార్లు కడగాలి. కడిగిన తరువాత గంటలోపు ప్రయోగం మొదలుపెట్టాలి. అంతకు మించి ఆలస్యమైతే ఆకలి దశ సమస్య మళ్లీ ముందుకు వస్తుంది.

బ్యాక్టీరియాను సిద్ధం చేయడం

క్లెబ్సియెల్లా ఈ అమీబాలకు సంప్రదాయంగా పెట్టే ఆహారమే అయినా, దానిలోని కొన్ని విభేదాలు మనుషులకు వ్యాధి కలిగించగలవు. బోధనా ప్రయోగశాలలో ఈ. కోలై బి/ఆర్ వంటి హాని లేని విభేదాన్ని వాడటమే సమంజసం. లెజియోనెల్లా, సూడోమోనాస్ వంటివాటిని తగిన జీవభద్రతా ఏర్పాట్లు, శిక్షణ పొందిన పర్యవేక్షకులు లేకుండా ముట్టుకోకూడదు.

రాత్రంతా పెంచిన బ్యాక్టీరియాను కడిగి, వర్ధన ద్రవాన్ని పూర్తిగా తొలగించాలి. ఆ ద్రవంలోకి బ్యాక్టీరియా విడుదల చేసిన ఫోలేట్ చేరి ఉంటుంది. దానిని పారబోయకుండా వడగట్టి కొంత దాచుకుంటే ఆకర్షణ పరీక్షలో మంచి నమూనాగా పనికివస్తుంది. 600 నానోమీటర్ల వద్ద కాంతి సాంద్రత 1 ఉన్న ఈ. కోలై వర్ధనంలో మిల్లీలీటరుకు సుమారు 80 కోట్ల కణాలు ఉంటాయన్నది ఉజ్జాయింపు లెక్క మాత్రమే. అగార్ పళ్లెం మీద కాలనీలు లెక్కించి దీనిని సరిచూసుకోవాలి.

బ్యాక్టీరియాకు రంగు వేసే విషయంలో మరింత ఆలోచన అవసరం. ఫ్లోరెసీన్ ఐసోథయోసయనేట్ వంటి ప్రతిదీప్తి రంగులు బ్యాక్టీరియా ఉపరితలంలోని అమైనో సమూహాలకు రసాయనికంగా అతుక్కుంటాయి. వేడితో చంపడం వల్ల కూడా పొరల స్వరూపం మారుతుంది. మనం పరీక్షిస్తున్నది సరిగ్గా ఆ ఉపరితలాన్ని చదివే గ్రాహకాన్ని కనుక, రంగు వేసిన ప్రతిసారీ గ్రాహకం ముందున్న వస్తువును మనమే కొంత మార్చినట్టవుతుంది. అందుకే వీలైనంతవరకు ఆకుపచ్చ ప్రతిదీప్తి ప్రోటీన్‌ను స్వయంగా తయారుచేసుకునే సజీవ బ్యాక్టీరియాను వాడాలని, రంగు వేసినవాటిని రెండో ఆధారంగానే ఉంచుకోవాలని నేను గట్టిగా సూచిస్తాను.

దూరం నుంచి పసిగట్టడం

ఒక పళ్లెంలో బఫర్‌తో చేసిన 0.5 నుంచి 1 శాతం అగరోజ్ పొరను పోసి, అది గట్టిపడ్డాక సుమారు 5 మిల్లీమీటర్ల దూరంలో రెండు సమాంతర గాడులు కోయాలి. ఒక గాడిలో 0.1 మిల్లీమోలార్ ఫోలిక్ ఆమ్ల ద్రావణం నింపి, అది వ్యాపించడానికి అరగంట నుంచి గంట వరకు వదిలి, రెండో గాడిలో కడిగిన అమీబాలను ఉంచాలి. ఫోలిక్ ఆమ్లం తటస్థ నీటిలో సరిగా కరగదు, కాంతికి విచ్ఛిన్నమవుతుంది. కనుక ముందు కొద్దిపాటి సోడియం హైడ్రాక్సైడ్‌లో కరిగించి, తరువాత పీహెచ్ సరిచేసి, సీసాకు రేకు చుట్టి ఉంచాలి. మూడు నుంచి ఐదు గంటల్లో సాధారణ అమీబాలు అగరోజ్ కిందికి దూరి ఫోలేట్ వైపు బారులు తీరుతాయి. సూక్ష్మదర్శినితో నిమిషానికి ఒకటి రెండు చిత్రాలు తీస్తే ఒక్కొక్క కణం దిశను, వేగాన్ని విడిగా కొలవవచ్చు.

ఈ రెండింటినీ విడిగా కొలవడం ముఖ్యం. గ్రాహకం లోపించిన కణాలు వేగం తగ్గకుండా దిశ మాత్రమే కోల్పోతే లోపం గుర్తింపులో ఉందని అర్థం. వేగమే పడిపోతే కదలిక యంత్రాంగాన్ని అనుమానించాలి. దీనిని మరింత స్పష్టం చేసుకోవడానికి అదే ఉత్పరివర్తకాన్ని ఐదారు గంటలు బఫర్‌లో ఆకలితో ఉంచి, సైక్లిక్ ఏఎంపీ వైపు కదులుతుందేమో చూడాలి. ఆ సంకేతానికి సీఏఆర్1 అనే వేరే గ్రాహకం ఉంది. ఉత్పరివర్తకం అటు సక్రమంగా వెళ్తూ ఫోలేట్‌ను మాత్రం పట్టించుకోకపోతే, కాళ్లు బాగానే ఉన్నాయని, లోపించింది ఫోలేట్‌ను పసిగట్టే శక్తేనని నిర్ధారించవచ్చు. రెండు గాడుల్లోనూ బఫర్ మాత్రమే ఉన్న పళ్లెం, ముందు దాచుకున్న బ్యాక్టీరియా ద్రవం నింపిన పళ్లెం కూడా పక్కన ఉండాలి.

అంటుకోవడాన్ని మింగడం నుంచి వేరుచేయడం

ఈ భాగానికి ఎక్కువ సమయం కేటాయించాలి, ఎందుకంటే గ్రాహకం ప్రత్యక్షంగా పనిచేసేది ఇక్కడే. బ్యాక్టీరియాను పట్టుకున్న వెంటనే అమీబా ఆక్టిన్ తంతువులను పేర్చి మిథ్యాపాదాలతో దానిని చుట్టేస్తుంది. కొద్ది సెకన్లలో అంటుకోవడం ముగిసి మింగడం మొదలవుతుంది. కాబట్టి మింగడాన్ని ఆపి, అంటుకోవడాన్ని మాత్రమే మిగిల్చే ఉపాయం కావాలి. రెండు మార్గాలున్నాయి. కణాలను మంచు మీద ఉంచితే మింగడం ఆగిపోతుంది. లేదా ఆక్టిన్ పేరుకోకుండా అడ్డుకునే లాట్రుంకులిన్ ఏ మందును కణాలకు ముందుగా ఇవ్వవచ్చు. చలి వల్ల త్వచం గట్టిపడి అంటుకునే తీరు కూడా మారే అవకాశం ఉంది కనుక, రెండు పద్ధతులూ వాడి ఫలితాలు ఏకీభవిస్తున్నాయో లేదో చూడటం క్షేమకరం.

ఒక్కొక్క అమీబాకు వంద వరకు బ్యాక్టీరియా కలిపి, పావుగంట తరువాత నెమ్మదిగా తిప్పితే అమీబాలు అడుగుకు చేరతాయి, అంటుకోని బ్యాక్టీరియా పైద్రవంలోనే ఉండిపోతుంది. కడిగిన అమీబాలను సూక్ష్మదర్శిని కింద లేదా ఫ్లో సైటోమీటర్‌లో పరిశీలించి, కణానికి ఎన్ని బ్యాక్టీరియా అంటుకున్నాయో లెక్కించాలి. ఇదే ప్రయోగాన్ని శుద్ధమైన లైపోపాలీశాకరైడ్ ముందుగా కలిపిన నమూనాలో, ఫోలేట్ కలిపిన నమూనాలో, గ్లూకోజ్ కలిపిన నమూనాలో మళ్లీ చేయాలి. గ్రాహకం నిజంగా ఆ అణువునే పట్టుకుంటున్నట్లయితే, కరిగిన అణువు గ్రాహకాన్ని ముందే ఆక్రమించి, బ్యాక్టీరియా అంటుకోవడాన్ని తగ్గించాలి. సాధారణ కణాలలో ఈ తగ్గుదల కనిపించి, గ్రాహకం లేని కణాలలో అదనపు తగ్గుదల ఏమీ లేకపోతే ఆ ఆధారం బలమైనది.

మింగడాన్ని కొలిచేటప్పుడు కణాలను 22 డిగ్రీల వద్ద కలుపుతూ, 5, 10, 20, 30 నిమిషాల వద్ద నమూనాలు తీసి మంచులో ఉంచిన బఫర్‌లోకి దింపాలి. ఆ బఫర్‌లో 5 మిల్లీమోలార్ సోడియం అజైడ్ కలిపితే మింగడం ఆగడంతో పాటు, ఉపరితలానికి అంటుకున్నవి చాలావరకు ఊడిపోతాయి. అజైడ్ తీవ్రమైన విషమని, ఆమ్లంతో కలిస్తే ప్రమాదకరమైన వాయువు వెలువడుతుందని గుర్తుంచుకుని, దాని వ్యర్థాలను వేరుగా సేకరించాలి. ఫ్లోరెసీన్ రంగు వాడినప్పుడు ట్రిపాన్ బ్లూ కలిపితే బయట మిగిలిన బ్యాక్టీరియా వెలుగు అణగిపోతుంది, లోపలివి మాత్రమే కనిపిస్తాయి.

ఇక్కడ పొంచి ఉన్న చిక్కు ఒకటి ఉంది. డిక్టియోస్టీలియం ఆహార రిక్తిక కొద్ది నిమిషాల్లోనే బాగా ఆమ్లపూరితమవుతుంది, ఆమ్లంలో ఫ్లోరెసీన్ వెలుగు తగ్గిపోతుంది. చురుకుగా మింగి త్వరగా ఆమ్లం నింపిన కణం, తక్కువ మింగిన కణంలా లెక్కలోకి వస్తుంది. దీనిని తప్పించడానికి, కడిగిన కణాలను పీహెచ్ 9.2 ఉన్న డిటర్జెంట్ ద్రావణంలో కరిగించి, ఆ తరువాతే వెలుగును కొలవాలి. ఆమ్లంలో వెలుగు పెరిగే రంగును రెండో నమూనాకు వాడితే మింగడాన్నీ ఆమ్లీకరణనూ పక్కపక్కన చూడవచ్చు.

చంపడం

ఒకప్పుడు గ్రాహకాల పని మింగడంతో ముగుస్తుందని అనుకునేవారు. డిక్టియోస్టీలియంలో అది నిజం కాదు. ఎఫ్ఏఆర్1 ఫోలేట్‌ను పసిగట్టినప్పుడు ఎల్ఆర్ఆర్‌కేఏ అనే కైనేజ్ (ఇతర ప్రోటీన్లకు ఫాస్ఫేట్ తగిలించే ఎంజైమ్) ద్వారా సంకేతం ఆహార రిక్తిక వరకు చేరి, దాని త్వచంలోని కిల్2 అనే అయాన్ పంపు చర్యను, తద్వారా చంపే శక్తిని ప్రభావితం చేస్తుందని 2020లో ప్రచురితమైన పరిశోధన తెలిపింది. కిల్2 లేని అమీబాలు క్లెబ్సియెల్లాను మింగగలవు కానీ సమర్థంగా చంపలేవు. పొరుగున బ్యాక్టీరియా ఉందన్న వార్త అందగానే కణం లోపలి ఆయుధశాలను కూడా సిద్ధం చేసుకుంటుందన్న మాట. ఈ కారణంగా గ్రాహకం మీద పనిచేసేవారు చంపే పరీక్షను వదిలిపెట్టకూడదు.

ఈ పరీక్షలో నిష్పత్తి తలకిందులు కావాలి: ఒక బ్యాక్టీరియాకు సుమారు వంద అమీబాలు. అప్పుడు దాదాపు ప్రతి బ్యాక్టీరియా త్వరగా మింగబడుతుంది, మింగడంలోని చిన్న తేడాలు ఫలితాన్ని మసకబార్చవు. బఫర్‌లో కలిపి నెమ్మదిగా ఊపుతూ 0, 1, 2, 4, 6 గంటలకు కొద్ది మైక్రోలీటర్లు తీసి, సపోనిన్ కలిపిన చల్లని చక్కెర ద్రావణంలో అమీబాలను పగలగొట్టి, ఆ మిశ్రమాన్ని పోషక అగార్ మీద పరచి, మర్నాడు కాలనీలు లెక్కించాలి. అమీబాలు లేకుండా అదే బఫర్‌లో ఉంచిన బ్యాక్టీరియా సంఖ్య నిలకడగా ఉందో లేదో, సపోనిన్ బ్యాక్టీరియాకు హాని చేస్తోందో లేదో ముందే చూసుకోవాలి. ఫోలేట్ కలిపిన నమూనా, కలపని నమూనా పక్కపక్కన ఉంచితే గ్రాహకం చంపే చర్యను ఎంత ప్రేరేపిస్తోందో తెలుస్తుంది. ఆకుపచ్చ ప్రతిదీప్తి ఉన్న బ్యాక్టీరియాను ఒక్కొక్కదాన్నే వీడియో తీసి, మింగిన క్షణం నుంచి వెలుగు ఆరిపోయే క్షణం వరకు సమయం కొలవడం మరింత సూక్ష్మమైన పద్ధతి. అయితే ఆ ప్రోటీన్ వెలుగు కూడా ఆమ్లంలో తగ్గుతుంది కాబట్టి, కాలనీల లెక్క తోడు లేకుండా దానిని ఒంటరిగా నమ్మకూడదు.

పళ్లెం మీద పెరుగుదల

ఇది అన్నిటికంటే సులభమైన పరీక్ష. చాలామంది దీనితోనే మొదలుపెట్టి దీనితోనే ఆగిపోతారు. లీటరుకు పెప్టోన్ 10 గ్రాములు, గ్లూకోజ్ 10 గ్రాములు, యీస్ట్ సారం 1 గ్రాము, ఫాస్ఫేట్ లవణాలు, మెగ్నీషియం సల్ఫేట్ ఉండే ఎస్ఎం అగార్ మీద బ్యాక్టీరియాను పలుచగా పరచి ఆరనిచ్చి, 10,000, 1,000, 100, 10 అమీబాలు ఉన్న చుక్కలను వరుసగా పెట్టాలి. 22 డిగ్రీల వద్ద నాలుగు రోజుల నుంచి వారం వరకు ఉంచితే, అమీబాలు తిన్న చోట బ్యాక్టీరియా పొరలో స్పష్టమైన ఖాళీ వలయాలు ఏర్పడతాయి. ఉత్పరివర్తకం ఎన్ని అమీబాల చుక్క వరకు వలయం చేయగలిగిందో నమోదు చేయాలి. గ్రామ్ నెగటివ్, గ్రామ్ పాజిటివ్ బ్యాక్టీరియాల మీద ఈ అమీబాలు వేర్వేరు జన్యువులను చురుకుపరుస్తాయని 2013లో తేలింది కాబట్టి, ఒక్కొక్క రకానికి వేరే పళ్లెం తప్పదు. వలయాలు ఏర్పడకపోతే, పైన చెప్పిన నాలుగు పరీక్షలలో ఏది విఫలమైందో చూసిన తరువాతే కారణం రాయాలి.

జన్యువును తిరిగి చేర్చడం

గ్రాహకం తొలగించిన కణాలలో కనిపించిన లోపం ఆ జన్యువు వల్లనే వచ్చిందా, లేక జన్యు మార్పిడి సమయంలో మరెక్కడో జరిగిన మార్పు వల్లనా అన్న సందేహం తీరాలంటే, సాధారణ జన్యువును ప్లాస్మిడ్ ద్వారా తిరిగి చేర్చి, అన్ని పరీక్షలనూ మళ్లీ చేయాలి. ఆ ప్రోటీన్‌కు ప్రతిదీప్తి తోకను తగిలించి చేర్చితే, అది నిజంగా కణ ఉపరితలానికి చేరిందో, లోపలే చిక్కుకుందో కూడా కనిపిస్తుంది. పీహెచ్‌జీ1, సిబ్ఏల ఉదంతం గుర్తుంచుకోవాలి: తొలగించినది ఒక ప్రోటీన్ అయినా, ఉపరితలం మీద లోటు పడింది మరొకదానికి. కనుక మీ ఉత్పరివర్తకంలో సిబ్ఏ, ఎఫ్ఏఆర్1 ఉపరితలం మీద తగినంత ఉన్నాయో లేదో ప్రతిరక్షకాలతో కొలిచి చూడండి. ఇక్కడ ఒక జన్యు వ్యక్తీకరణ చిక్కు కూడా ఉంది. ప్లాస్మిడ్ నుంచి ప్రోటీన్ అవసరానికి మించి తయారైతే కణాలు సాధారణ స్థాయిని దాటి అంటుకోవచ్చు. అలాంటి ఫలితాన్ని లోపం సరిదిద్దబడినట్లు లెక్కించకుండా, సహజ స్థాయికి దగ్గరగా వ్యక్తమయ్యే క్లోన్‌ను ఎంచుకుని ప్రయోగాన్ని తిరిగి చేయాలి.

జన్యువు తిరిగి చేరిన కణాలు ఫోలేట్ వైపు కదిలి, బ్యాక్టీరియాను పట్టుకుని మింగినా, చంపే పరీక్షలో మాత్రం వెనుకబడే ఉంటే, చేర్చిన గ్రాహకం ఎల్ఆర్ఆర్‌కేఏ వైపు సంకేతం పంపుతోందా అన్నది తరువాతి ప్రశ్న అవుతుంది. అప్పుడు ఫోలేట్ ఇచ్చిన, ఇవ్వని నమూనాలతో చంపే పరీక్షను ఎఫ్ఏఆర్1 లేని కణాలు, ఎల్ఆర్ఆర్‌కేఏ లేని కణాలు, కిల్2 లేని కణాలు, సాధారణ కణాలు, తిరిగి చేర్చిన కణాలు అన్నిటిమీదా ఒకే రోజు, ఒకే బ్యాక్టీరియా వర్ధనంతో నడపాలి. కనీసం మూడు వేర్వేరు రోజుల్లో పునరావృతం చేసిన తరువాతే ఆ అంకెలను పట్టికలోకి ఎక్కించాలి.